ఐదు శ్రుతి

శబరి నది ఒడ్డున కొంటాలో ధర్మయ్య కరక్కాయల వర్తకుడు. ముందుగా ఆ కాయ సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ ఇంటి మంచీ చెడూ రెండూ దాని దగ్గరే మొదలయ్యాయి. అడవి నుంచి గంపలతో వచ్చిన కాయలను ఒక్కొక్కటిగా నల్లరాతి పలక మీద వదిలి, చప్పుడు విని ఏరాలి. గట్టి కాయ ఖంగుమంటుంది, పుచ్చింది బొంగురుగా పలుకుతుంది. ఆ పని గోదాములో ఇర్మె అనే దోర్ల తెగ ఆవిడ చేసేది. ధర్మయ్య కొడుకు శోభనాద్రి నాలుగేళ్ళవాడు, పలకకు వీపు పెట్టి కూర్చుని, చూడకుండానే "పుచ్చు", "గట్టి" అని చెప్పేవాడు. ఒక్కటీ తప్పు పోయేది కాదు. అంతటితో ఊరుకున్నాడా, ప్రతి కాయ చప్పుడునూ గొంతుతో పలికి చూపించేవాడు. పిట్ట కొంచెం, కూత ఘనం.

తల్లి లేని పిల్లలు. వాడి అక్క మంగాదేవి వాడికంటే ఆరేళ్ళు పెద్దది. ఒక కాలు వంకర, అందుకే సంబంధాలు రాలేదు. రాజమండ్రి నుంచి నాగభూషణం పంతులుగారిని శబరి మీద పడవలో రప్పించి ఇంట్లోనే పెట్టి సంగీతం చెప్పించినప్పుడు, తమ్ముడి పక్కన శ్రుతిపెట్టె వేసే పని ఆమెకు దక్కింది. ఆ అడవి రాజ్యంలో ఫిడేలు ఎక్కడిది, మృదంగం ఎక్కడిది? వాడి పాటకు తోడు ఆ పెట్టె ఒక్కటే. పెట్టె ముందు చిన్న బిళ్ళలుంటాయి, ఏ బిళ్ళ జరిపితే ఆ శ్రుతి, అంకె పెరిగేకొద్దీ శ్రుతి హెచ్చు. శోభనాద్రిది ఐదు. ఆ ఐదులో వాడు పైషడ్జమం అందుకుంటే, తనను కన్నవాళ్ళు కూడా గుర్తుకు రారు మంగాదేవికి. ఆమెకు లోకంలో ఉన్నది అదొక్కటే, దాన్ని చెప్పుకోవడానికి ఆమె సిగ్గుపడలేదు.

తొమ్మిదేళ్ళకు వాడు భద్రాచలంలో పాడాడు, రాజమండ్రిలో పాడాడు, ఏలూరులో జనం భుజాలకెత్తుకున్నారు. ధర్మయ్య "బాల శోభనాద్రి, వయసు తొమ్మిదేళ్ళు" అని కరపత్రాలు అచ్చు వేయించాడు. వర్తకుడు కదా, ఎక్కువ వేయిస్తే చవక అని అయిదువేలు వేయించాడు. ఇక ఆ కాగితాలు అయిపోయేదాకా వాడి వయసు తొమ్మిదే. పదొచ్చింది, పదకొండొచ్చింది, పన్నెండు కూడా దాటింది. కట్టలు ఇంకా అటక మీద ఉన్నాయి, పిల్లవాడు ఇంకా తొమ్మిదేళ్ళవాడే.

పన్నెండు దాటిన వానాకాలంలో ఒక పొద్దున సాధన మధ్యలో గొంతు జారింది. ఎక్కడో పైన ఉన్న స్వరం కాలుతప్పి కింద పడింది. పంతులుగారు పెట్టె ఆపమన్నారు.

"ధర్మయ్యగారూ, మగగొంతు దిగుతోందండి. ఏడాది పాటు నోరు మూయించండి. తరవాత శ్రుతి తగ్గించి మొదలెడదాం. ఇప్పుడు ఐదులో లాగారంటే ఇక గొంతు ఎప్పటికీ ఉండదు."

ధర్మయ్య నవ్వాడు. "ఏంది పంతులూ, పసిపిలగానికి మగగొంతేంది? పడిశెం పట్టింది. తల్లి లేనోళ్ళకు కరక్కాయే తల్లంటరు. నా గోదాములో వెయ్యి బస్తాలున్నయి."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు ఆయనకు. అడవిలో దొరికే ఆ కాయ దగ్గు తగ్గిస్తుంది, కఫం కోస్తుంది, నిజమే. పెరగడాన్ని కూడా తగ్గిస్తుందని ఇంకెవరైనా అనుకుంటారా? జీవితమంతా దాన్నే అమ్మినవాడు అనుకున్నాడు. పంతులుగారు మాట మార్చుకోలేదు, పడవ ఎక్కి వెళ్ళిపోయారు. ఎక్కుతూ మంగాదేవితో ఒక్క మాటన్నారు: "బిళ్ళలు నీ చేతిలో ఉన్నాయమ్మా."

వాడి బుగ్గన ఎప్పుడూ కరక్కాయ ముక్క ఉండేది. నాలుక మొద్దుబారి అన్నం రుచి తెలిసేది కాదు. ఇర్మె చూసి జాలిపడింది. "మా పిలగాడు జోగకూ గిట్లనే అయింది దొరసానీ. ఎవ్వలూ ఏం జెయ్యలే, ఊకున్నం. ఇప్పుడు ఎద్దు లెక్క అరుస్తడు." అడవిలో అందరికీ తెలిసిన సంగతి ఆ ఇంట్లో తండ్రికీ కొడుక్కీ పట్టలేదు.

దసరాకు జగదల్‌పూర్ దర్బారులో పాడాలని కబురొచ్చింది. తొమ్మిదేళ్ళ బాలుణ్ణి తీసుకురమ్మని.

మంగాదేవి తమ్ముణ్ణి గోదాము వెనక్కి పిలిచి బతిమాలింది. "మూడులో పాడరా. నాయినకు చెవి లేదు, ఆయనకేం తెల్వదు. గొంతు మిగుల్తది."

"నాకు తెలుస్తది గదక్కా," అన్నాడు వాడు. "ఐదు నాది. మూడుల పాడితే ఎవలో పరాయోడు పాడినట్టుంటది. నాయిన మందిస్తుండు, తగ్గుతది."

వాడికీ భయమే, కాకపోతే ఒప్పుకోడు. ఏలూరులో ఎత్తుకున్న భుజాలు వాడిని ఇంకా దింపలేదు. ఆమె ఇక అడగలేదు, మనసులో ఒకటి అనుకుంది.

కరక్కాయ బస్తాల లారీలో సుక్మా మీదుగా జగదల్‌పూర్ చేరారు. దర్బారు హాలు నిండా అధికారులు, జమీందారులు, తలపాగాలు. ధర్మయ్య కొడుకు నూనూగు మీసాన్ని పొద్దున్నే కత్తితో గీయించి, పట్టు లాగు తొడిగించాడు. అది మోకాళ్ళు దాటడం లేదు. మంగాదేవి పెట్టె ముందు కూర్చుని, వంకర కాలు చీర కింద దాచుకుని, ఐదు బిళ్ళ మూసి మూడు తెరిచింది. వీడు పాడేస్తే చాలు, ఈ ఒక్క పూట గడిస్తే ఏడాది పాటు ఆ గొంతును ఎలాగో దాస్తాను అనుకుంది.

శోభనాద్రి కళ్ళు మూసుకున్నాడు. నోరు తెరిచాడు, తెరిచినవాడు మూసేశాడు.

"అక్కా, మూడు పెట్టినవు," అన్నాడు అందరికీ వినబడేలా. "నాది ఐదు."

ఎవరో తెలుగు తెలిసిన గుమాస్తా దాన్ని హిందీలో చెప్పాడు. హాలంతా నవ్వులతో ఘొల్లుమంది. పాట మొదలుకాక ముందే చప్పట్లు. తొమ్మిదేళ్ళకే ఇంత చెవా అని ఒకరు, పూర్వజన్మ విద్య అని ఒకరు. ధర్మయ్య నిలబడి అందరికీ దండాలు పెట్టాడు. ఇక వెనక్కి పోవడానికి దారి లేదు. మంగాదేవి తమ్ముడి ముఖం చూసింది. ఎన్నో నెలల తర్వాత వాడు మురిసిపోతున్నాడు. మూడు బిళ్ళ ఆమే మూసింది. ఐదు బిళ్ళ ఆమే తెరిచింది.

మొదటి కీర్తన ఎలాగో నడిచింది. రెండోదాంట్లో వాడు పైషడ్జమానికి ఎక్కాడు. గొంతు చిరిగింది. వాడు దిగలేదు, మళ్ళీ ఎక్కాడు. మళ్ళీ ఎక్కాడు. నాలుగోసారికి గాలి తప్ప ఏమీ రాలేదు. చప్పట్లు కొట్టినవాళ్ళే మర్యాదగా తమలపాకుల పళ్ళెం వైపు చూపు తిప్పుకున్నారు. శాలువా అయితే కప్పారు.

ఇంటికొచ్చాక అయినా ఊరుకుంటే ఏమన్నా మిగిలేదేమో. ధర్మయ్య ఊరుకోలేదు. తేనెలో అరగదీసిన కరక్కాయతో పొద్దున్నా సాయంత్రమూ ఆరునెలలు ఐదులోనే పాడించాడు. చివరికి ఆయనే ఒకరోజు శ్రుతిపెట్టెను అటకెక్కించాడు, కరపత్రాల కట్టల పక్కన.

శోభనాద్రికి ఇప్పుడు పందొమ్మిదేళ్ళు. మీసాలున్నాయి. నోటి దగ్గర చెవి పెడితే తప్ప మాట వినబడదు. రాతి పలకకు వీపు పెట్టి కూర్చుంటాడు, ఇర్మె కాయలు వదులుతుంది, వాడు పుచ్చుకు చెయ్యి ఊపుతాడు. రాజమండ్రి నుంచి వచ్చిన వ్యాపారులు చూసి ముచ్చటపడతారు. ఇలాంటి చెవి ఎక్కడా లేదంటారు.

ఆ మెప్పు వినలేక మంగాదేవి ఒకనాడు అటకెక్కింది. వంకర కాలుతో పెట్టెను దింపి, దుమ్ము తుడిచి, అన్నిటికంటే కింది బిళ్ళ తెరిచి గోదాములో వాడి ముందు పెట్టింది.

"ఇదేరా ఇప్పుడు నీది. పంతులుగారు జెప్పిందిదే. ఒక్క సా పలుకు."

వాడు కాదనలేదు. కళ్ళు మూసుకుని పలికాడు. బొంగురుగా ఒక శబ్దం వచ్చి నిలిచింది. మంగాదేవికి అది శ్రుతిలోనే ఉన్నట్టు తోచింది. కళ్ళు చెమర్చాయి. బాగుంది, కలిసింది అంది.

"కలవలేదక్కా," అన్నాడు వాడు ఆమె చెవి దగ్గరకు వంగి. "ఇంతంత తక్కువున్న. ఎంత లాగినా గంతే ఉంటది. నీకు తెలుస్తలేదు గని, నాకు వినబడుతుంది."

ఆమె పెట్టె మూసింది. వాడు పలక వైపు వీపు తిప్పుకుని కూర్చున్నాడు. ఇర్మె ఒక కాయ వదిలింది, వాడు చెయ్యి ఊపాడు.