ముప్పై ఎనిమిది మంది, తొమ్మిది ఓట్లు

ఆ రోజు మేం ద్రాక్ష కోస్తుంటే పక్క తోటలో నేలకి మందు పెట్టారు. పాత బాదం చెట్లు పీకేసి కొత్తవి నాటే ముందు, మట్టిలోని పురుగు చావాలని ఎక్కించే విషవాయువు అది. గాలి మా వైపు తిరిగింది. ముందు కళ్ళు మండాయి, తర్వాత గొంతులు పట్టేశాయి. నా పక్క వరుసలో ఓతీలియా బోర్లా పడి కక్కుకుంది. ఆ తోటకి అవతల ఉన్నది మా పిల్లల బడి. ఆమె కూతురు అప్పుడు అందులోనే ఉంది.

మేస్త్రి రొహేలియో తీరిగ్గా వచ్చి చూశాడు. "ఎండదెబ్బ. మంచినీళ్ళు తాగండి," అన్నాడు. అక్టోబరు నెలలో, పొద్దున్న ఎనిమిదింటికి ఎండదెబ్బ!

నవంబరు ఎన్నికల్లో కాలిఫోర్నియా అంతా ఒక ప్రతిపాదన మీద ఓటెయ్యాలి. ఇళ్ళకీ బళ్ళకీ అర మైలు లోపల ఇలాంటి మందులు వాడకూడదని. అది గెలిస్తే కూలీలకి పనులుండవని కామందులు టీవీలో ఊదరగొట్టారు. మా జట్టులో ముప్పై ఎనిమిది మందిమి, అందరం మెక్సికోలోని వహాకా కొండల నుంచి వచ్చినవాళ్ళమే. ఓటున్నది తొమ్మిది మందికి. నేనొకదాన్ని. మిగతావాళ్ళకి ఈ దేశంలో ఉండటానికి కాగితాలే లేవు.

ఓటు కాగితం పోస్టులో ఇంటికొస్తుంది. నింపి, కవరు మీద సంతకం చేసి పంపాలి. "సంతకాలు పెట్టి కవర్లు ఇటిచ్చెయ్యండి. మిగతాది నేను చూసుకుంటా," అన్నాడు మేస్త్రి. లోపల గీతైనా గీయకుండా ఇచ్చేశాం. మీరు నవ్వుతారేమో, నవ్వండి. పన్ను ఫారాలు, ఆస్పత్రి కాగితాలు, ఇంగ్లీషులో ఏదొచ్చినా వాడి చేతిలో పెట్టడం మాకలవాటు. వాడిది మా ఊరే. నా పెద్దకొడుకు బాప్తిస్మానికి పెద్దరికం చేసింది కూడా వాడే.

ఆదివారం ఓతీలియా ఇంటి గ్యారేజీలో అందరం కూర్చున్నాం. ఆమెకింకా దగ్గు తగ్గలేదు.

"వాడు ఎటు గీశాడో అడిగావా, నసారియా అక్కా?" అని నన్నే పట్టుకుంది.

"అడగలా."

"నా పిల్లకి ముక్కులోంచి రక్తం కారుతుంటే నేను ఓటెయ్యలేను. వెయ్యగలిగినోళ్ళు తీసుకెళ్ళి వాడికిచ్చొచ్చారు! బుద్ధుందా మీకు?"

"నా ఓటు, నా ఇష్టం," అని గొణిగాడు ముసలి ఎలీహియో.

"నీదెట్లా అవుద్ది తాతా? ఆ గాలి నువ్వొక్కడివే పీల్చావా? మనకున్నవే తొమ్మిది. అవి ముప్పై ఎనిమిది మందివి."

ఈసారి ఎలీహియో తాతే దారి చెప్పాడు. "కవరింకా ఎన్నికల ఆఫీసుకి చేరకపోతే, ఓట్ల రోజు మనమే పోయి వేసుకోవచ్చంట. మా అల్లుడు చెప్పాడు."

"తొమ్మిది మందిమి పని వదిలి పోతే మర్నాడే పీకేస్తాడు," అన్నాను.

"అందరం వదిలేద్దాం. ఎవర్ని పీకుతాడో చూద్దాం," అంది ఓతీలియా.

ఓటు లేనివాళ్ళు ఇంకొకళ్ళ ఓటు కోసం కూలి వదులుకోవడం నేనెక్కడా వినలేదు. నాకు ఏడుపొచ్చింది.

ఓట్ల రోజు, మంగళవారం పది గంటలకి కత్తెరలు కింద పెట్టి అందరం నడిచొచ్చేశాం. ఊళ్ళో లైబ్రరీలో ఓట్లు వేస్తున్నారు. తొమ్మిది మందిమి లోపలికెళ్ళాం, మిగతావాళ్ళు రోడ్డుకవతల నిలబడ్డారు. ఐదుగురి కవర్లు ఇంకా చేరలేదు, వాళ్ళకి కొత్త ఓటు కాగితాలిచ్చారు. ఎలీహియో తాత తనే గీసుకున్నాడు. నా వంతు వచ్చింది.

బల్ల దగ్గరి అమ్మాయి కంప్యూటర్లో చూసి, "మీ కవరు గురువారమే చేరిందమ్మా. లెక్కలోకి పోయింది," అంది.

"అందులో గీతలు నావి కావు."

"సంతకం?"

"నాదే."

"అయితే ఫిర్యాదు రాసివ్వండి. ఇంకో ఓటు మాత్రం ఇవ్వలేను."

నాలాంటివాళ్ళం నలుగురం. మేస్త్రి కామందుల మనిషి, ఎటు గీసుంటాడో వేరే చెప్పాలా. మా పిల్లల బడి పక్కన విషం పెట్టుకోమని మా సంతకాలతోనే ఓటు పడింది. నలుగురం ఫిర్యాదు రాసిచ్చే బయటికొచ్చాం.

బయట షెరిఫ్ పోలీసుల కారు ఆగి ఉంది. గుంపు చేరి ఓటేసేవాళ్ళని బెదిరిస్తోందని మేస్త్రి ఫోన్ చేశాడట. ఒక్కొక్కళ్ళనీ గుర్తింపు కార్డులు చూపించమంటున్నారు. ఓతీలియా అందరికంటే ముందుకొచ్చింది.

"వీళ్ళని తీసుకొచ్చింది నేను. నన్నడగండి."

సంకెళ్ళేశారు. కారెక్కుతూ, "అక్కా, నా పిల్లని బడి నుంచి తెచ్చుకో," అని మాత్రం అంది.

మర్నాటికి తెలిసింది, ప్రతిపాదన ఓడిపోయింది. ఓతీలియా ఇంకా లోపలే ఉంది. మబ్బు పట్టింది. తడిస్తే ద్రాక్ష కుళ్ళిపోతుంది. తోట గేటు దగ్గర మేస్త్రి చేతులూపుతున్నాడు.

"నిన్నటిది మర్చిపోయా. రండి, రండి, వానొస్తోంది!"

"ఓతీలియా రాందే ఒక్క గుత్తి తెగదు," అన్నాను.

నవ్వి, ఫోన్ తీశాడు. అరగంటలో ఇంకో జట్టుతో బస్సొచ్చింది. రోడ్డుకడ్డంగా నిలబడి, మా కవర్లు ఏమయ్యాయో, ఓతీలియా ఎందుకు జైల్లో ఉందో అరిచి చెప్పాం. "దిగకండి! లోపలికి పోనీ!" అని మేస్త్రి డ్రైవరు మీద కేకలేశాడు.

వెనక సీట్లోంచి ఒక పడుచు పిల్ల దిగింది. ముఖానికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగింది.

"మా కవర్లు కూడా వీడే పట్టుకెళ్ళాడు," అంది.

ఆమె వెనకాల బస్సంతా దిగింది.