వంటింట్లోకి రాని గిన్నె

నేను ఒక స్టీలు గిన్నెను. నేను ఎవరి గిన్నెననే విషయం మీద ఆ ఆదివారం మధ్యాహ్నం ఆ ఇంట్లో గొడవ మొదలై చాలాసేపయింది. హాలు మధ్యలో పాత పేపరు పరిచి దాని మీద నన్ను పెట్టారు. ఉత్త నేల మీద పెడితే నేల కూడా పాడవుతుందని కాబోలు. చుట్టూ సోఫాల్లో నలుగురూ కూర్చుని నన్నే చూస్తున్నారు. ఇన్నేళ్ళలో వాళ్ళు నన్ను ఇంత శ్రద్ధగా చూడటం అదే మొదలు.

“అది రత్నం అన్నం తినే గిన్నె కదే,” అంది ఇంటి పెద్దావిడ అనసూయమ్మ. “దాన్ని తీసుకెళ్ళి కుక్కకు నీళ్ళు పోశావా?”

“నాకేం తెలుసు నానమ్మా,” అంది మనవరాలు హరిణి. “వంటింటి బయట కిటికీ ఊచల దగ్గర పెట్టి ఉంది. ఇంట్లో గిన్నెలతో కలపకుండా విడిగా పెట్టారంటే కోకోదే అయ్యుంటుందనుకున్నా.”

కోకో ఆ ఇంటి కుక్క. రత్నం ఆ ఇంట్లో పనిచేసే మనిషి.

హరిణి అన్న మాటకు ఎవరూ ఉలిక్కిపడలేదు. తండ్రి శశిధర్ ఫోనులోంచి తలెత్తకుండా, “అది అనుకున్నదాంట్లో తప్పేముందమ్మా” అన్నాడు. తల్లి సుభాషిణి తల వంచుకుని చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. నాకు మాత్రం ఒళ్ళంతా మండిపోయింది. పొయ్యి ఎక్కకుండానే గిన్నె కాలుతుందని ఆ రోజే తెలిసింది.

నా పుట్టుకలో గొప్పేమీ లేదు. రేకును గుండ్రంగా కత్తిరించి, అచ్చులో పెట్టి యంత్రంతో ఒక్క గుద్దు గుద్దితే నేను తయారయ్యాను. నేనూ నాతోపాటు పుట్టినవాళ్ళూ విజయనగరంలో ఒక స్టీలు సామాన్ల కొట్టుకు చేరాం. పెళ్ళిళ్ళకూ గృహప్రవేశాలకూ కొనుక్కుపోతారని ఆశపడ్డాం. మమ్మల్ని ఒక చావింటివాళ్ళు కొన్నారు. కొట్టువాడు పేర్లు చెక్కే మిషను తీసి, గర్రుమని శబ్దం చేస్తూ మా అంచుల మీద “కీ.శే. పట్నాల అప్పలస్వామి గారి జ్ఞాపకార్థం” అని చెక్కాడు. పెద్దకర్మ నాడు భోజనాలు చేసి వెళ్ళేవాళ్ళ చేతుల్లో తలా ఒకటి పెట్టారు.

అలా పుచ్చుకున్నవాళ్ళలో అనసూయమ్మ ఒకతె. చనిపోయినాయన ఆమెకు వరసకు బాబాయి. ఆయన చావుకు కళ్ళు తుడుచుకుంటూనే నన్ను సంచిలో వేసుకుంది. విశాఖపట్నం మధురవాడలోని ఫ్లాటుకు తెచ్చాక మాత్రం వంటింటి గుమ్మం దాటనివ్వలేదు.

“కర్మల్లో ఇచ్చిన గిన్నె. పాలూ పెరుగూ పెట్టుకునే చోట ఎందుకు?” అంది కోడలితో. “పారేస్తే లక్ష్మిని పారేసినట్టు. రత్నానికి అన్నం పెట్టడానికి ఉంటుందిలే.”

సుభాషిణి ఏమీ అనలేదు. ఆమెను మీరు గమనిస్తూ ఉండండి. ఈ కథలో ఎక్కువగా ఏమీ అననిది ఆవిడే.

చావింటి గిన్నె వాళ్ళకు పనికిరాదు, రత్నానికి పనికొస్తుంది. వాళ్ళకు అంటుకునే కీడు రత్నానికి అంటుకోదు కాబోలు. ఈ లెక్క నాకు ఎన్నడూ అర్థం కాలేదు. రత్నానికి అర్థమయినట్టే ఉంది. ఆమె నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది. అంచు మీద చెక్కిన అక్షరాల మీద వేలు పోనిచ్చి, “ఏటి రాసినారమ్మగారు?” అని అడిగింది. సుభాషిణి తడబడి, “ఏదో పేరులే రత్నం” అంది. రత్నం మళ్ళీ అడగలేదు.

ఆమె పూర్తి పేరు నూకరత్నం. పొద్దున్నే టీ చుక్క గొంతులో పోసుకుని బయలుదేరి, మిగతా ఇళ్ళలో పని ముగించుకుని ఇక్కడికొస్తుంది. మిగతా ఇళ్ళవాళ్ళు టీ ఇస్తారు, అన్నం పెట్టరు. ఇక్కడ పెడతారు. ఆ మధ్యాహ్నపు అన్నమే ఆమెకు రోజంతటికీ ఆధారం. అన్నం, దాని మీద పప్పు, పక్కన నిన్నటి కూర, పండగ రోజుల్లో బూరె. అనసూయమ్మ దీన్ని చాలా గొప్పగా చెప్పుకునేది. “మా ఇంట్లో పనిమనిషికి కూడా కడుపునిండా పెడతాం” అని లిఫ్టులో కనిపించినవాళ్ళకు చెప్పేది. ఆ ‘కూడా’ అనేది ఆవిడ ఎంత తేలిగ్గా అనేదో.

రత్నం వంటింటి వెనక బాల్కనీలో, వాషింగ్ మిషన్ పక్కన కింద కూర్చుని తినేది. తిన్నాక ఇంటి గిన్నెలకన్నా నన్నే ఎక్కువసేపు తోమేది. ఎండకు తళతళలాడేలా కడిగి, కిటికీ ఊచల దగ్గర బోర్లించి వెళ్ళేది. ఆ ఇంట్లో ఇది నాది అని ఆమె చెప్పుకోగల వస్తువు నేనొక్కదాన్నే. ఒకసారి నన్ను చేత్తో పట్టుకునే తలుపు తీసినప్పుడు, పాలు పొయ్యడానికేమో అనుకుని పాలవాడు చెయ్యి చాపితే, “అది నా గిన్నె బాబూ, ఇంకోటి తెత్తానుండు” అంది. నా గిన్నె అన్నప్పుడు ఆమె గొంతులో పలికిన బింకం నాకిప్పటికీ గుర్తుంది.

అలా ఉండగా హరిణి బెంగళూరులో చదువు ముగించుకుని, ఉద్యోగం ఇంటినుంచే చేసుకుంటానంటూ కుక్కతో సహా వచ్చేసింది. కోకో మీద నాకు ఏ కోపమూ లేదు. గోధుమరంగు ఒళ్ళు, వేలాడే చెవులు, అందరినీ నమ్మే మొహం. పొద్దున మిగతా ఇళ్ళకు వెళ్ళేముందూ, సాయంత్రం పని ముగించాకా వాణ్ణి తిప్పే పని రత్నం నెత్తిన పడింది. కొన్నాళ్ళకు వాడు ఆమె మాట తప్ప ఎవరి మాటా వినకుండా తయారయ్యాడు. “కూకో” అంటే కూర్చుంటాడు. హరిణి ఇంగ్లీషులో ఎంత బతిమాలినా తోక ఊపి ఊరుకుంటాడు.

హరిణికి ఒక సరదా ఉంది. మధురవాడ నుంచి రుషికొండ దాకా కుక్కల్ని రానిచ్చే తిండి చోట్లన్నీ తిరిగి, ఫోనులో వీడియోలు తీసి, ఎక్కడ కుక్కకు మర్యాద బాగా జరుగుతోందో నలుగురికీ చెబుతుంది. ప్రతి ఆదివారం ఒక కెఫే. కుక్కకు నీడ ఉందా, పడుకోవడానికి మెత్త ఇచ్చారా, నీళ్ళు అడక్కుండానే పెట్టారా, ఉప్పు లేకుండా వండిన చికెన్ అన్నం దొరుకుతుందా, వెయిటర్లు నవ్వుతూ తల నిమిరారా? వీటికి మార్కులు వేస్తుంది. కుటుంబమంతా వెళ్ళేవాళ్ళు. రత్నం కూడా వెళ్ళేది. ఆమె లేకపోతే కోకో కూర్చోడు కాబట్టి.

ఆ ఆదివారం, ఇతర కుక్కలు తాగిన పాత్రల్లో తాగిస్తే జబ్బులొస్తాయని ఎవరో చెప్పారని, హరిణి ఇంటినుంచి ఒక గిన్నె తీసుకెళ్దామనుకుంది. బాల్కనీలోకి వచ్చింది. ఆ ఇంట్లో ఉంటూ ఆ పిల్ల బాల్కనీలోకి రావడం నేను చూడటం అదే మొదటిసారి. రత్నం రోజూ ఎక్కడ కూర్చుని తింటుందో, దేంట్లో తింటుందో ఆమెకు తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. నన్ను చూసింది, సంచిలో వేసుకుంది. విడిగా ఉన్నది కుక్కదే అయ్యుంటుందని ఆమె కొత్తగా కనిపెట్టలేదు. ఆ ఇంటి పద్ధతి చూసి లెక్కకట్టింది. ఆ లెక్కలో తప్పు లేకపోవడమే నన్ను మండిస్తోంది.

ఆ కెఫే ఒక పాత బంగళా. ముందు తోట, పైన రంగురంగుల గొడుగులు. గేటు దగ్గర కుక్క పాదం గుర్తుతో పెద్ద బోర్డు: మీ నాలుగుకాళ్ళ నేస్తానికి స్వాగతం. దాని కింద చిన్న అక్షరాలతో ఇంకో బోర్డు: డ్రైవర్లు, ఆయాలు దయచేసి బయట వేచి ఉండగలరు. పెద్ద బోర్డును హరిణి వీడియో తీసింది. చిన్నదాని దగ్గరికి వచ్చేసరికి ఫోను దించింది.

కోకోను కూర్చోబెట్టడానికి రత్నాన్ని లోపలికి రానిచ్చారు. ఆమె తాడు పట్టుకుని వచ్చి, మెత్త చూపించి “కూకోరా” అంది. వాడు కూర్చున్నాడు. అంతలో ఒక వెయిటరు వచ్చి, మర్యాదగా, చాలా మర్యాదగా, “అమ్మా, మీరు బయట ఉండాలండీ” అన్నాడు. రత్నం సుభాషిణి వైపు చూసింది. సుభాషిణి మెనూ కార్డు వైపు చూసింది.

రత్నం బయటికి వెళ్ళిపోయింది. గేటు బయట స్కూటర్లు పెట్టే చోట ఎండలో నిలబడింది. కుక్కకు నీడ ఉందని ఆ కెఫేకు హరిణి పూర్తి మార్కులు వేసింది.

తర్వాత సంచిలోంచి నన్ను తీసి, సీసాలోని నీళ్ళు పోసి కోకో ముందు పెట్టింది. అటు తిరిగి కూర్చున్న అనసూయమ్మ గమనించలేదు. వాడు పాపం దాహంతో చప్పరించుకుంటూ తాగాడు. నేను ఆ నీళ్ళ అడుగునుంచే గేటు ఊచల అవతల ఉన్న రత్నాన్ని చూశాను. ఆమె కూడా నన్ను చూసింది. గుర్తుపట్టింది. ఒకప్పుడు ఆమె చేతుల్లోంచే జారి నాకొక సొట్ట పడింది. ఆ సొట్టను ఆమె ఎక్కడున్నా గుర్తుపడుతుంది. మొహంలో ఏ మార్పూ లేదు. కొంగుతో మెడ తుడుచుకుని అటు తిరిగి నిలబడింది.

కాసేపటికి సుభాషిణి ఒక కర్రీ పఫ్‌ను టిష్యూ కాగితంలో చుట్టి బయటికి పంపింది. ఆవిడ మంచిదేనండీ. నా కోపమంతా అక్కడే. చెడ్డదైతే ఒక్క తిట్టుతో సరిపెట్టుకునేదాన్ని. చూసింది, అర్థం చేసుకుంది, బాధపడింది, పఫ్ పంపి ఆ బాధ దించేసుకుంది. రత్నం ఆ పఫ్ తినలేదు. ఇంటికొచ్చి కోకోకు పెట్టేసింది.

మధ్యాహ్నం అనసూయమ్మ రత్నానికి అన్నం పెట్టబోయి, ఊచల దగ్గర నేను కనబడక వెతికింది. చివరికి హరిణి సంచిలో, కుక్క తాడు పక్కన దొరికాను. అదీ గొడవ.

“ఇప్పుడేం చేద్దామంటారు?” అంది అనసూయమ్మ. “కుక్క మూతి పెట్టిన గిన్నెలో మనిషికెలా పెడతాం? పాపం కదూ.”

“వేడినీళ్ళతో కడిగితే అన్నీ పోతాయి నానమ్మా. చెప్పకపోతే ఆవిడకేం తెలుస్తుంది?”

“ఓ కొత్త గిన్నె కొనేస్తే పోయె,” అన్నాడు శశిధర్. “దీని మీద ఇంత చర్చేంటి? కుక్క గిన్నె కుక్కకు, రత్నం గిన్నె రత్నానికి.”

“కొత్తదెందుకురా, అటక మీద మూత పోయిన డబ్బా ఒకటుంది. తోమిస్తే బాగానే ఉంటుంది.”

“ఎవరిచేత తోమిస్తారత్తయ్యా?” అని అడిగింది సుభాషిణి. చాలాసేపటికి ఆమె నోట వచ్చిన మొదటి మాట అది.

“రత్నం చేతే. ఇంకెవరిచేత?”

నాకు నోరుంటే అరిచేదాన్ని. నలుగురు చదువుకున్న మనుషులు ఒక గిన్నె మైలపడిందా లేదా అని ఇంతసేపు మాట్లాడుకున్నారు. ఎండలో నిలబడ్డ మనిషి ఆకలితో ఉందేమోనని ఒక్కరూ అడగలేదు. వంటింట్లో ఆమెకు తీసిన అన్నం చల్లారిపోయింది.

బాల్కనీ తలుపు తెరిచే ఉంది. రత్నం చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి హాలు గుమ్మం దగ్గర నిలబడింది. అందరూ ఒక్కసారి సర్దుకున్నారు. కోకో లేచి వెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

సుభాషిణి లేచింది. మొహం ఎర్రబడింది. “రత్నం, రేపట్నుంచి నువ్వు మా కంచాల్లోనే తిను. ఇక్కడ, బల్ల దగ్గర.”

అనసూయమ్మ కోడలి వైపు తిరిగింది. శశిధర్ ఫోను పక్కన పెట్టాడు.

“వద్దమ్మగారు,” అంది రత్నం. గొంతు హెచ్చించలేదు. “ఇయ్యాల మీరలాగంటారు. రేపు పెద్దమ్మగారు ఆ కంచాన్ని పక్కనెడతారు. మళ్ళీ దానికో కిటికీ సూడాల.”

“అన్నం మీద అలుగుతావటే?” అంది అనసూయమ్మ. “అన్నం పరబ్రహ్మం. నీకు ఏనాడైనా తక్కువ చేశానా?”

“అన్నం మీద అలక్కాదు పెద్దమ్మగారు. ఆ తక్కువ మాట నన్ను గేటు బయటికి పంపినప్పుడు అడిగుంటే బాగుండు.”

“సారీ రత్నం,” అంది హరిణి. “నిజంగా నాకు తెలీదు.”

“తెలీదనే నాకు బాధ పాపగారు.” ఆమె వంగి కోకో తల నిమిరింది. “ఈడి మీద నాకేటీ లేదు. ఆడు దాహమేసి తాగినాడు.”

“మరి ఏమంటావు? పని మానేస్తావా?” అన్నాడు శశిధర్. కోకోను రేపు పొద్దున ఎవరు తిప్పుతారా అన్న బెంగ ఆ గొంతులో నాకు స్పష్టంగా వినబడింది.

రత్నం నలుగురి మొహాలూ ఒక్కొక్కటిగా చూసింది. ఎక్కడా ఆగలేదు, ఎవరినీ తప్పించలేదు.

“పని మాననండి. అంట్లు తోముతాను, బట్టలు ఆరేత్తాను, ఇల్లు తుడుత్తాను. కుక్కని మీరే తిప్పుకోండి. హోటళ్ళకి నాను రాను. రేపట్నుంచి చీకటితో లేచి నా కూడు నాను వండుకుని, నా ఇంటికాడే తినేసి వత్తాను. ఈ ఇంట్లో ఇంక నాకు అన్నం తియ్యకండి.”