అద్దం మీద బొట్టు

దసరా నాడు సిరోంచలో కొడవళ్లకూ సైకిళ్లకూ పూజలు జరుగుతుంటే, తన జిరాక్స్ మిషిన్ మాత్రం ఏం పాపం చేసిందని బుచ్చన్న దాని అద్దం నడుమ కుంకుమ తడిపి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. కాగితం బోర్లించేది ఆ అద్దం మీదేనన్న సంగతి అతనికి తట్టనే లేదు.

మర్నాడు అంకిస నుంచి వెంకటవ్వ వచ్చింది. భర్త పోయి మూడేళ్లు. వితంతు పింఛను దరఖాస్తుకు ఫోటో అంటించి తెచ్చింది. దాని కాపీ పదకొండు గంటల బస్సులో గడ్చిరోలి వెళ్లే తాసిలు గుమస్తాకు అందాలి. అందకపోతే మళ్లీ ఏడాది ఆగాలి.

బుచ్చన్న మీట నొక్కాడు. వచ్చిన కాపీ చూసి గతుక్కుమన్నాడు. ఫోటోలో వెంకటవ్వ నుదుట గుండ్రంగా నల్లటి బొట్టు!

“అయ్యో, గిది చూస్తే గడ్చిరోలి సాయెబు నీ పెనిమిటి బతికే ఉన్నడంటడు అవ్వా!”

కాగితం జరిపి మళ్లీ తీశాడు. బొట్టు ముక్కు మీదికొచ్చింది. ఇంకోసారి జరిపితే చెంప మీద దిష్టిచుక్కయి కూర్చుంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పు కరెంటుదన్నాడు, సిరాదన్నాడు.

“కాగితం జరిపితే నా మొఖం జరుగుతాంది గని మచ్చ జాగ మారుతలేదు కొడుకా. మూత లేపు,” అంది వెంకటవ్వ. రోజూ కందిలి దీపం గాజు తుడుచుకునే మనిషి, ఒక్క చూపులో పట్టేసింది. మూత లేవగానే కొంగు తడిపి అద్దం మీదికి చేయి చాపింది.

బుచ్చన్న అడ్డం పడ్డాడు. “ఆగు అవ్వా! పండుగనాడు పెట్టిన బొట్టు. తుడుస్తే కీడైతది!”

“నా బొట్టు తుడిచిననాడు గిట్ల అడ్డమొచ్చినోడు ఒక్కడు లేడు కొడుకా.” నవ్వుతూనే అంది.

బుచ్చన్నకు సిగ్గేసింది. తన దస్తీ తడిపి, గట్టిగా పిండి, అద్దాన్ని తానే తుడిచాడు. పొడిగుడ్డతో మళ్లీ తుడిచాడు. కాగితం తగలని పక్కరేకు మీద కొత్త బొట్టు పెట్టాడు. ఈసారి కాపీ కడిగిన ముత్యంలా వచ్చింది. బయట బస్సు హారన్ మోగుతోంది. పరుగున వెళ్లి గుమస్తా చేతిలో పెట్టి, రొప్పుతూ తిరిగొచ్చాడు.

వెంకటవ్వ చెడిపోయిన కాపీలు ఏరుతోంది. ముక్కు మీద చుక్కున్నదీ, చెంప మీద చుక్కున్నదీ పక్కన పడేసింది. మొదటిది మడిచి రొండిన దోపుకుంది.

“గది ఖరాబైంది గదా అవ్వా, ఏం జేసుకుంటవ్?”

“ఖరాబేం గాలే. మా ఆయన ఉన్నప్పుడు నేను గిట్లనే ఉంటుంటి,” అంది.