పచ్చ పరదా కింద

అమ్జద్ ఆటో వెనక సీట్లో అతని తండ్రి బాబూ మియా ఒరిగిపోయి ఉన్నాడు. అమీర్‌పేటలో సాక్సులూ బెల్టులూ అమ్మే తోపుడు బండి దగ్గర నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలిపోతే, పక్క బండివాళ్లు కొడుక్కి ఫోన్ చేశారు. ఒళ్లు పెనంలా కాలుతోంది. చెమట చుక్క లేదు. ఎప్పుడో చనిపోయిన తమ్ముణ్ని పిలిచి గిరాకీ చూసుకోమంటున్నాడు.

పంజాగుట్ట ఆసుపత్రి ఎంత దూరమని! కానీ దారిలో సిగ్నల్ ఉంది. జనం ఎండకు తాళలేరని ఈ ఏడు అక్కడ పచ్చ పరదా కట్టారు. పుణ్యమే. అయితే మనవాళ్లు నీడ దొరికాక ముందు ఆగాల్సిన గీత దాకా పోతారా? బళ్లన్నీ పరదా కిందే ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడ్డాయి. ముందు రోడ్డు ఖాళీగా ఎండుతోంది. రోజూ అమ్జద్ కూడా అక్కడే ఆగేవాడు. ఇవాళ మాత్రం హారన్ మీంచి చెయ్యి తియ్యకుండా అందరినీ తిట్టిపోశాడు.

"జర జరగుండ్రి భాయ్! అబ్బాకు పానం బాగలేదు!"

ఎవరు జరుగుతారు? జరిగితే నీడ పోతుంది.

వెనక్కి తిరిగి చూస్తే తండ్రి మాట ఆగిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది జాయ్సీ మేడం. వేసవి మొదట్లో సిగ్నళ్ల దగ్గర ఈ పరదాలు కట్టించిన మాసబ్ ట్యాంక్ సర్కారు ఆఫీసుకు ఆటోవాళ్లను పిలిచి వడదెబ్బ గురించి చెప్పింది ఆవిడే. "చెమట ఆగి మాట తడబడుతుంటే, మనిషిని వేసుకుని పరుగెత్తకండి బాబూ. ముందు చల్లబరచండి, తర్వాతే ఆసుపత్రి." ఎండలు మనకు కొత్తా అని అమ్జద్ వెనక వరసలో నవ్వుకున్నాడు. రెండు గ్లాసుల మజ్జిగ తాగి వచ్చేశాడు.

పచ్చ లైటు పడింది. దారి తెరుచుకుంది.

ఆటో ఉరికించమని ప్రాణం తొందరపెడుతోంది. ఇక్కడ ఆగాక ఏదన్నా అయితే అమ్మీకి ఏం చెప్పాలి? దారి ఉండి కూడా కదల్లేదని చెప్పాలా?

పరదా నీడలోనే ఇంజను ఆపేశాడు.

వెనక హారన్లు గోల పెట్టాయి. కానిస్టేబుల్ ఓదెలు కేకలేస్తూ వచ్చాడు. "ఏందిరా గిది, నడిరోడ్డు మీద? దవాఖాన గదే కనవడ్తుంది, పో!"

"ముందుగాల సల్లవడాలె అన్నా! నువ్ అంబులెన్సుకు ఫోన్ కొట్టు!"

అమ్జద్ తండ్రి కుర్తా గుండీలు ఊడకపోతే చింపేశాడు. పక్కనున్న చలివేంద్రం నుంచి కుండెత్తుకొచ్చి తండ్రి నెత్తిన కుమ్మరించాడు. ఓదెలు ఫోన్ చేసి, ఇంకో కుండ తెచ్చాడు. గ్లాసు ముంచి నోటికి పెట్టబోతే అమ్జద్ ఆపాడు. "తాపకు అన్నా, సోయి లేదు. ఒంటి మీద పొయ్." స్కూటీ మీది అమ్మాయి చున్నీ తడిపి ఇచ్చింది. ఎవరో అట్టముక్కతో విసిరారు. ఇందాక తిట్లు తిన్న జనమే.

అమ్జద్ ఒక్కచోట నిలవలేకపోతున్నాడు. తండ్రి ఛాతీ ముట్టి చూస్తాడు, రోడ్డు కేసి చూస్తాడు, మళ్లీ ఛాతీ ముట్టుకుంటాడు. పోయుంటే ఈపాటికి గేటు దగ్గరుండేవాళ్లం కదా? తప్పు చేశానా? యా అల్లా!

బాబూ మియా రెప్పలు కదిలాయి. "కుర్తా కాఁ హై రే?" అన్నాడు, నడిబజారులో అంగీ లేకుండా కూర్చోబెట్టినందుకు మండిపడుతూ. అమ్జద్ చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు. అంబులెన్సు అప్పుడొచ్చింది.

చల్లబరచకుండా తెచ్చి ఉంటే మనిషి దక్కడం కష్టమయ్యేదని డాక్టరు చెప్పాడు. సాయంత్రం డ్యూటీ దిగి ఓదెలు చూడ్డానికొచ్చాడు. బాబూ మియా జరిగిందంతా విని అతణ్నే అడిగాడు.

"సిగ్నల్ కాడ జరసేపు ఆగెటోళ్లకు నీడ ఏసిండ్రు, మంచిదే. పొద్దంతా నిలవడెటోళ్లకు ఎవలేస్తరు సాబ్? నేను మళ్ల గాడనే బండి పెట్టాలె గదా?"

అడిగింది ఓదెలునే అయినా ఆ ప్రశ్న కొడుక్కి తగిలింది. అమ్జద్‌కు ఆ రాత్రి నిద్ర లేదు.

మర్నాడు మాసబ్ ట్యాంక్ ఆఫీసులో జాయ్సీ మేడం అలవాటుగా గ్లాసు అందించబోయింది.

"మజ్జిగొద్దు మేడం," అన్నాడు అమ్జద్. "అమీర్‌పేట బండ్ల మీదికి పరదా గావాలె."

కూర్చోమన్నా కూర్చోలేదు.