రత్నమ్మ గారి పెద్దక్షరాలు

నేను ఒక స్టైలును. బట్టలు కుట్టే కొట్లో వినిపించే స్టైలు కాదు, మంగలి కొట్లో అద్దం ముందు అడిగే స్టైలు అంతకన్నా కాదు. కంప్యూటరులో ఉత్తరాలూ పుస్తకాలూ టైపు చేసుకునే చోట ఉంటాను. అక్షరం ఎంత లావుండాలి, వరుసకీ వరుసకీ మధ్య ఎంత జాగా వదలాలి, ఎడమ పక్క ఎంత ఖాళీ ఉంచాలి, ఇవన్నీ ముందే చెప్పిపెట్టి మొత్తానికి కలిపి ఒక పేరు పెడతారు చూడండి, ఆ పేరే నేను. ఒక పేరాలో కర్సరు పెట్టి నా పేరు మీద నొక్కితే చాలు, ఆ పేరా నన్ను కట్టుకుని కూర్చుంటుంది. నాకంటూ ఒళ్ళు లేదు. మాటలు నన్ను కట్టుకున్నప్పుడే నేను కనిపిస్తాను. అప్పుడైనా చూసేవాళ్ళు మాటల్ని చూస్తారు గానీ నన్ను చూడరు. చూడలేదని నాకేమీ బెంగ లేదు.

కంప్యూటరు సరుకు ముసలమ్మలా కబుర్లు చెబుతోందేమిటని అనుకుంటారేమో. నేను పుట్టిందే ఒక ముసలమ్మ కోసం. పుట్టిన రోజు నుంచీ ఆవిడ మాటలే మోశాను. ఆ తీరే అబ్బింది.

నా పుట్టిల్లు రేపల్లె బస్టాండు వెనక, జిరాక్సు మిషనూ ఒక కంప్యూటరూ పట్టేంత గది. ఆ గదికి యజమానీ పనిమనిషీ అంతా వనజాక్షే. అప్పటికి ఆమెకు ముప్పయ్యారేళ్ళు. వేళ్ళు చూస్తే వడ్లు దంచినట్టు టకటకలాడేవి. కానీ ఆమె పని చేసే తీరు చూస్తే మాత్రం నవ్వొస్తుంది. శుభలేఖ టైపు చేస్తే పెళ్ళికొడుకు పేరు పట్టుకుని లావు చేస్తుంది, పెళ్ళికూతురు పేరు పట్టుకుని మళ్ళీ లావు చేస్తుంది, ముహూర్తం పట్టుకుని ఇంకోసారి. ఏ వరుసకి ఆ వరుస చేత్తోనే. కొత్త దరఖాస్తు కావాలంటే పాత దరఖాస్తు తెరిచి, లోపలి సంగతి చెరిపి, దాని మీదే కొత్తది రాస్తుంది. ఒకసారి అలాగే ఒకాయన నివాస పత్రంలో తండ్రి పేరు చెరపడం మరిచిపోతే, ఆయన అంతకు ముందు వచ్చినాయనకి కొడుకైపోయాడు. పైన స్టైళ్ళ పెట్టె అంటూ ఒకటి తొమ్మిదేళ్ళుగా ఆమె కళ్ళ ముందే ఉంది. అది ఇంగ్లీషు పుస్తకాలు రాసుకునేవాళ్ళదిలే అనుకుని దాని జోలికే పోలేదు.

అలాంటి రోజుల్లో రత్నమ్మ వచ్చింది. చేతిలో గుడ్డ సంచీ, సంచీలో చేత్తో నాటకం రాసుకున్న, చిరుగులు పడ్డ నోటు పుస్తకం. అది పెద్దక్షరాల్లో టైపు చేసిపెట్టమంది.

శేషారత్నం ఆవిడ పూర్తి పేరు. అప్పటికి డెబ్బయ్యేళ్ళు. వయసులో ఉండగా పద్యనాటకాల్లో రాణి వేషాలు కట్టింది. గొంతు పోయాక అదే నాటక సమాజంలో ప్రాంప్టరుగా కుదురుకుంది. అంటే పక్క తెర వెనక చిన్న పీట వేసుకుని, ఒళ్ళో నాటకం కాగితాలు పెట్టుకుని, వేషగాడు మాట మరిచిపోయినప్పుడు అందించడం. ఆవిడ చదివింది రెండో తరగతి. తక్కిన చదువంతా ఆ కాగితాల్లోనే నేర్చుకుంది. ఆ పనికి ఒకటే నియమమని చెప్పేది. మన గొంతు వేషగాడికి వినపడాలి, మొదటి వరుసలో కూర్చున్నవాడికి వినపడకూడదు.

సుగరు వచ్చి కంటి చూపు మందగించింది. ఆ ముందు ఆటలో రాజు వేషం కట్టిన వీరాస్వామి పద్యం మధ్యలో ఆగిపోతే, ఈవిడకి కాగితంలో ఆ చోటు దొరకలేదు. రాజు నోరు తెరుచుకుని నిలబడ్డాడు, జనం ఈలలు వేశారు. హార్మోనియం మేష్టారు భుజంగరావు గారే ఆ సమాజానికి పెద్ద. ఆయన మొహమాటపడుతూనే చెప్పేశారట, వచ్చే ఆట టౌనుహాలులో ఉంది, దానికి కూడా ఇలాగే అయితే ఆ పీట ఇంకెవరికైనా ఇవ్వాల్సొస్తుంది అక్కా అని.

ఇదంతా రత్నమ్మ చెప్పుకుంటూ పోయింది, వనజ టైపు చేస్తూ విన్నది. చివరికి ఆవిడ అన్న మాట ఒక్కటి వనజ మనసులో నాటుకుంది.

"నా కూడు నా పెన్షను పెట్టుద్దమ్మా. ఆ పీట మీద కూర్చోకపోతే నేనెవరినో నాకే తెలవదు."

వనజ అక్షరాలు పెంచింది. పదహారు చేసింది, చాలలేదు. పద్దెనిమిది చేసింది, కనపడుతున్నాయి గానీ గందరగోళంగా ఉన్నాయంది రత్నమ్మ. కాగితం కళ్ళ దగ్గర పెట్టుకుని చూడటం కాదు, ఒళ్ళో పెట్టుకునే చూడాలి, అదీ పక్క తెర వెనక ఉండే మసక వెలుతురులో. అందుకని వనజ షట్టరు సగం దించింది. బయట నిలబడ్డవాళ్ళు కొట్టు మూసేశారనుకుని వెళ్ళిపోయారు. లోపల ఆ సగం చీకట్లో ఇద్దరూ కాగితం తర్వాత కాగితం తీసి చూశారు.

"పై వరుస ఒత్తులు కింద వరుస గుడుల మీద కాళ్ళేసుకు కూర్చుంటన్నాయే తల్లీ, కాస్త ఎడం జరుపు," అంది రత్నమ్మ.

ఎడం జరిపింది. ఎడమ పక్క బొటనవేలు ఆనించడానికి జాగా కావాలంది, వదిలింది. ఇలా మార్చిన ప్రతిసారీ అరవై పేజీల్లో మాటలు వేరు, పద్యాలు వేరు, పాత్రల పేర్లు వేరు పట్టుకుని చేత్తో మార్చాలి కదా. మొత్తం ఒక్కసారి పట్టుకుని మారిస్తే అన్నీ ఒకే మూసలోకి వచ్చి, రాజు మాటేదో పద్యమేదో తెలియకుండా పోయింది. నాలుగో సారికి వనజ వేళ్ళు లాగాయి. విసుగొచ్చి, తొమ్మిదేళ్ళుగా ముట్టని ఆ స్టైళ్ళ పెట్టె మీద నొక్కింది. అందులో కొత్త స్టైలు తయారు చేయమంటావా అని ఒక వరుస ఉంది.

అలా పుట్టాను నేను. ఇరవై రెండు సైజు, వరుసల మధ్య ఒత్తులకు సరిపడా ఎడం, ఎడమ పక్క బొటనవేలంత ఖాళీ. పేరేం పెట్టాలో తోచక వనజ ఎదురుగా ఉన్న మనిషి పేరే పెట్టింది. రత్నమ్మ. తర్వాత నన్ను ఆధారం చేసుకుని పద్యానికొకటి, పాత్ర పేరుకొకటి చేసింది. పద్యం నాకంటే కాస్త లోపలికి జరిగి నిలబడుతుంది, పాత్ర పేరు కాస్త నల్లగా ఉంటుంది. ఇద్దరూ నా పిల్లలే. నేను పెరిగితే వాళ్ళూ పెరుగుతారు, నేను ముడుచుకుంటే వాళ్ళూ ముడుచుకుంటారు.

అరవై పేజీల అచ్చు చేతికిస్తే రత్నమ్మ షట్టరు నీడలోనే మొదటి పేజీ గడగడా చదివేసింది. వనజ చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. అందులో సగం నాకేనని నేను అనుకున్నాను.

టౌనుహాలు ఆటకి వారం ఉందనగా భుజంగరావు గారు కొట్టుకొచ్చారు. నటులు జేబులో పెట్టుకు తిరగడానికి నాటకమంతా చిన్న అక్షరాల్లో కావాలన్నారు. వనజకి అప్పటికి నా కిటుకు తెలుసు. ఒక్క నన్ను మార్చి పది సైజు చేసింది, నాటకమంతా ఒక్క క్షణంలో ముడుచుకుపోయింది. ఆ తమాషాకి మురిసిపోతూ అచ్చు తీసి ఇచ్చేసింది. ఫైలు మూస్తుంటే భద్రపరచమంటావా అని కంప్యూటరు అడిగింది. అవుననడం ఆమె చేతికి అలవాటు. అవునంది. నేను పది సైజులోనే మిగిలిపోయాను. నోరుంటే చెప్పేదాన్ని.

ఆటకి మూడు రోజుల ముందు భుజంగరావు గారు రెండో అంకం తిరగరాసి తెచ్చారు. రాజు మాటలన్నీ కొత్తవి. వనజ తెర మీద పేజీని పెద్దది చేసుకుని టైపు చేసుకోవడం వల్ల నేను బొద్దుగానే కనిపించాను. ఆ రోజు ఏదో దరఖాస్తుకి ఆఖరు తేదీ, కొట్లో కాలు పెట్టే సందు లేదు. ప్రింటరు కాగితాల్ని బోర్లా వదులుతుంది. వనజ వాటిని అలాగే తీసి కవరులో పెట్టి మేష్టారి చేతికిచ్చింది. కవరు పల్చగా ఉంటే, మేష్టారు అంకం కుదించారు కాబోలనుకుంది.

టౌనుహాలులో సాయంత్రం ఐదింటికి మొదలైంది. మొదటి అంకానికి పాత అచ్చే కాబట్టి నేను ఇరవై రెండులో హాయిగా రత్నమ్మ ఒళ్ళో ఉన్నాను. రెండు చోట్ల మాట అందించింది, ఎవరికీ తెలియలేదు. విరామంలో మేష్టారు అందించిన రెండో అంకం కవరు విప్పింది. ఆవిడ బొటనవేలు నా మీద ఆగిపోయింది. నేను ఆవిడకి చీమల బారులా కనిపించి ఉంటాను. నా పేరు ఆవిడ పేరే, ఆవిడ కంటికే ఆనలేదు నేను.

పాత రెండో అంకమైతే ఆవిడకి కంఠతా వచ్చు. అదే ప్రమాదం. వీరాస్వామి ఆగిపోతే ఆవిడ నోటికి పాత మాటే వస్తుంది, ఆ మాటకి కొత్త కథలో చోటు లేదు.

వనజ మూడో వరుసలో కూర్చుని ఉంది. కబురు పెట్టి పిలిపించి, రత్నమ్మ కాగితం చూపించింది. వనజ చూసింది, చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తింది. రత్నమ్మ మెల్లగా హార్మోనియం దగ్గరకు వెళ్ళింది.

"తమ్ముడా, ఓ పావుగంట ఏదన్నా వాయించు. ఎందుకని అడగమాక."

భుజంగరావు గారు ఆవిడ ముఖం చూసి, అడగకుండానే మొదలుపెట్టారు.

కొట్లో కంప్యూటరు ఆవులిస్తూ ఆవులిస్తూ లేచింది. ఒక్కో వరుసా చేత్తో పెంచాల్సి వస్తే ఆ అంకం తెల్లారినా తెమలదు. ఆమె నన్ను తెరిచి, పది చెరిపి, ఇరవై రెండు వేసింది. అంతే. ఐదు పేజీలు పన్నెండయ్యాయి. నా పిల్లలిద్దరూ నాతోపాటే ఒళ్ళు విరుచుకుని లేచారు. ఈసారి వనజ ఒక్కో కాగితాన్నీ తిరగేసి చూసి తీసుకుంది.

ఆమె పక్క తెర చేరేసరికి జనం కుర్చీలు చప్పుడు చేస్తున్నారు, మేష్టారు మూడో రాగంలో ఉన్నారు. రత్నమ్మ కాగితాలు ఒళ్ళో సర్దుకుని తలూపింది. తెర లేచింది.

వీరాస్వామి కొత్త మాటల మొదటి మలుపులోనే ఆగిపోయాడు. కిరీటం కింద చెమట కారుతోంది. రత్నమ్మ బొటనవేలు నా ఎడమ పక్క జాగాలో వరుస వెంట దిగి, ఆ చోట ఆగింది. పెదవులు కదిలాయి. రాజు ఆలోచనలో పడి తేరుకున్నట్టు తల ఎత్తి, మాట అందుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు, ఆ ఆగడం కూడా నటనే అనుకుని.

ఆట అయ్యాక భుజంగరావు గారు సామాను సర్దేటప్పుడు ఆవిడ పీటని తనే తుడిచి, హార్మోనియం పెట్టెతో పాటు బండెక్కించారు. అంతకంటే ఏం చెప్పాలి.

ఆ మర్నాడు వనజ ఒక పని చేసింది. నాటకం ఫైలుకి నకలు తీసి, అందులో మాటలన్నీ చెరిపేసి, నన్ను కట్టుకుని ఉన్న ఒక్క ఖాళీ పేరా మాత్రం వదిలింది. ఆ ఫైలుకి 'ఖాళీ' అని పేరు పెట్టింది. దాని నకలొకటి తాళాల గుత్తికి వేలాడే పెన్‌డ్రైవులో వేసుకుంది. అక్కడి నుంచి నేను ఎన్ని ఇళ్ళు చూశానో. ఒక పెద్దాయన మందుల పట్టీ, భజన పాటలు, అంగన్‌వాడీ టీచరు గోడకంటించిన వారం వంటలు, అన్నీ నన్నే కట్టుకున్నాయి. మనుషులు తమాషా అయినవాళ్ళు. అక్షరాలు బాగున్నాయని ప్రింటరుని మెచ్చుకునేవారు.

రత్నమ్మ ఇంకో ఏడేళ్ళు ఆ పీట మీద కూర్చుంది. వనజని పక్కన కూర్చోబెట్టుకుని పేజీలు తిప్పమనేది. రాను రాను చూపు పూర్తిగా పోయింది. ఇరవై రెండుని ముప్పయి చేసినా లాభం లేకపోయింది. అప్పుడు ఆవిడే పీటని వనజ వైపు జరిపింది.

"మేష్టారు ఎవర్నో ఎందుకు ఎతకటం. నా నాటకాలన్నీ నీ వేళ్ళల్లోనే ఉన్నయ్యిగా."

సరిగ్గా ఆ నెలలోనే కొట్లో పాత కంప్యూటరు చచ్చిపోయింది. నాటకాలన్నీ దాంతోనే పోయాయి, నేనూ పోయాననే అనుకున్నాను. వనజ కొత్త కంప్యూటరు కొని, రత్నమ్మ నోటు పుస్తకాలు ముందేసుకుని నాటకమంతా మళ్ళీ టైపు చేసింది. అచ్చు తీసి ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటే అక్షరాలు అలికినట్టున్నాయి. కాగితాన్ని చేయి చాచినంత దూరం జరిపి చూసింది. నలభై మూడేళ్ళొచ్చాయి, చత్వారం రాదూ మరి. తాళాల గుత్తి తీసింది.

'ఖాళీ' తెరిచింది. తెల్ల కాగితం, ఒక్క అక్షరం లేదు. ఆ ఖాళీ పేరాలో నేను కూర్చునే ఉన్నాను. వనజ షట్టరు సగం దించి, ఒక్క అక్షరం నొక్కింది. అది ఇరవై రెండులో, ఒత్తులకు ఎడం వదిలి, బొటనవేలికి జాగా ఇచ్చి వచ్చి నిలబడింది. ఆమె ఆ అక్షరాన్ని చాలాసేపు చూసింది. తర్వాత నాటకమంతా తెచ్చి నాలో పోసింది.

వనజకి మొదటి ఆట కూడా టౌనుహాలులోనే. వనజ పీట మీద, నేను ఆమె ఒళ్ళో. వీరాస్వామి పెద్దవాడయ్యాడు, మరుపు ఇంకా పెరిగింది. ఐదు చోట్ల ఆగాడు, ఐదు చోట్లా అందుకున్నాడు. మొదటి వరుసలో కుర్చీ వేయించుకుని రత్నమ్మ చెవులు రిక్కించి కూర్చుంది. ఆట అయ్యాక ఎవరో చేయి పట్టుకుని పక్క తెర వెనక్కి తీసుకొచ్చారు. వనజ లేచి నిలబడింది, తప్పేమైనా పట్టిందేమోనని.

రత్నమ్మ తడుముకుంటూ ఆమె ముఖం అందుకుని, రెండు చేతుల్లో పట్టుకుంది.

"ఒక్క ముక్క వినపడలేదే నాకు," అంది.