బల్ల నుంచి పొయ్యి దాకా

మా ఆయనకి పుల్కాలు పెనం మీద నుంచి నేరుగా కంచంలో పడాలి. హాట్‌ప్యాక్‌లో పెట్టినవి ముట్టుకోడు. నిన్న సాయంత్రం ఆరో పుల్కా కాలుస్తూ, వెనక్కి తిరక్కుండానే చెప్పాను: వచ్చే టర్మ్ నుంచి మంగళ, గురువారాలు బడి అయ్యాక బొమ్మలు గీయడం నేర్పే క్లాసు నన్ను తీసుకోమంటున్నారనీ, ఇంటికొచ్చేసరికి ఏడవుతుందనీ.

"ఏడా? మరి వంట?" అన్నాడు విజయకుమార్. తర్వాత నవ్వాడు. "నీకెందుకొచ్చిన గొడవ నిరూ? టీచర్ ఎయిడ్‌గా హాయిగా ఉన్నావు కదా. నో అని చెప్పెయ్. ఇంకోటి వెయ్యి, కాస్త పొంగేట్టు."

అత్తగారు ఫోన్లో ఇంకా తేలిగ్గా తేల్చేశారు. "పిల్లల ముక్కులు తుడిచే పనికి మళ్ళీ ప్రమోషన్ కూడానా అమ్మా?"

సరే, నో అనే చెబుదామనుకున్నాను. పొద్దున హెండర్సన్‌లో మా బడి దగ్గర పిల్లల బస్సెక్కినప్పుడూ, అది మ్యూజియం కొండ ఎక్కుతున్నప్పుడూ ఆ మాట నోట్లో సిద్ధంగానే ఉంది. తిరిగి వచ్చేటప్పుడు జవాబు చెప్పమంది టీచర్ మిసెస్ కోల్. ఈ ఒక్క పూట మాత్రం పాఠం నువ్వే చెప్పమని ఇరవైమంది పిల్లల్ని నాకు వదిలేసింది. వాళ్ళలో నా కూతురు ప్రణీత కూడా ఉంది. బళ్ళో దానికీ నేను మిస్‌నే.

పిల్లల్ని మ్యూజియం మెట్ల మీద నిలబెట్టాను. కింద పచ్చిక, చెట్లు, చెట్లపైన వెండిరేకులాంటి నీళ్ళు, అవతలి ఒడ్డు. "ఇప్పుడు కూర్చోండి" అన్నాను. కూర్చున్నారు. చెట్లు పైకి లేచి ఒడ్డుని మింగేశాయి. పిల్లలు "ఓ!" అన్నారు. ఒడ్డు ఎక్కడికీ పోలేదు, మన కళ్ళే కిందికి దిగాయని చెప్పాను. మా ఊరి బడిలో డ్రాయింగ్ మాస్టారు రైలుపట్టాలు గీయమనేవారు. మా ఊరికి రైలు లేదు. కాలవగట్టున నిలబడి, నీళ్ళు దూరంగా పోయి దారంలా సన్నబడటం చూసి పట్టాలు గీసేవాళ్ళం. ఇన్నేళ్ళకి ఆ కాలవ నా గొంతులోంచి ఇంగ్లీషులో పారుతుంటే, వింటున్నది కూడా నేనే అనిపించింది.

లోపల పొడవాటి హాలు. స్తంభాలు దూరమయ్యేకొద్దీ పొట్టివవుతూ, ఎండలో తేలుతున్నట్టున్నాయి. దూరంగా ఉన్నవి చిన్నగా వస్తాయని వాటిని చూపించి, పిల్లల్ని నేలమీద కూర్చోబెట్టి, రాత్రి భోజనం చేసేటప్పుడు మీ కుర్చీలోంచి ఏం కనిపిస్తుందో గీయమన్నాను.

ప్రణీత కాగితంలో వాళ్ళ నాన్న కొండంత ఉన్నాడు. కంచం చందమామంత. పైమూలన, బొటనవేలి గోరంత, వీపు తిప్పుకుని ఎవరో.

"ఇదెవరే?"

"నువ్వే, మిస్."

"ఇంత చిన్నగానా?"

"దూరంగా ఉన్నవి చిన్నగా వస్తాయని నువ్వేగా చెప్పావు."

"బల్ల నుంచి పొయ్యి దాకా ఎన్నడుగులు?"

వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. "ఫోర్. బట్ చాలా ఫార్‌లా ఉంటుంది, అమ్మా."

"మూడో కుర్చీ ఏది?"

"దాంట్లో డాడీ లాప్‌టాప్ బ్యాగ్ ఉంటుంది కదా."

తప్పు దిద్దడానికి పెన్సిల్ తీసుకున్నాను. దిద్దడానికేం లేదు. గీతలన్నీ వెళ్ళవలసిన చోటికే వెళ్తున్నాయి. ఆ గోరంత మనిషికి మొహం లేదు. ఆ కుర్చీలోంచి కనిపించదు. తొమ్మిదేళ్ళుగా నా కూతురు రోజూ చూస్తున్నది ఈ వీపునే కాబోలు. అక్కడ నిలబడి నేను చూసేదేమిటి? గోడ టైలు, పెనం, పొంగుతున్న పిండి. నా వెనక వాళ్ళిద్దరూ దేనికో నవ్వుతుంటే, ఎందుకని అడిగేలోపు ఆ నవ్వు అయిపోయేది. నాలుగడుగులు. పెళ్ళయిన పదకొండేళ్ళలో, పుల్కా వెయ్యడానికి తప్ప, ఆ దూరాన్ని ఎవరూ నడవలేదు, నేను కూడా.

బస్సులో మిసెస్ కోల్ నా ముందు సీట్లోంచి వెనక్కి తిరిగింది. "ఏం నిర్ణయించుకున్నావు?"

"తీసుకుంటాను."

"ఇంట్లో అడగాలన్నావు?"

"చెప్తాను."

పక్కన ప్రణీత కిటికీ వైపు నుంచి మొహం నావైపు తిప్పింది. "మరి మంగళవారం డిన్నర్?"

"నాన్న చేస్తారు."

"డాడీకి రాదు!"

"నాకూ పుట్టుకతో రాలేదే."