ఏడుతో గుణిస్తే

ఎనిమిది, అయిదు, ఏడు, ఒకటి, నాలుగు, రెండు. పెదాలు కదుపుతూ స్టోరుకీపరు ఇత్తడి తాళం చక్రాలు ఒక్కొక్కటే తిప్పాడు. ఎడమచెయ్యి తాళాన్ని కప్పేసి ఉంది. తిప్పేముందు వెనక్కి చూశాడు. తాళం ఊడివచ్చాక మరోసారి చూశాడు. తన నీడ తన వెంటే ఎందుకొస్తోందని నిలదీసే రకం. మిల్లులో అందరూ ఆయన్ని 'అనుమానం' అనే పిలుస్తారు.

లోపలున్నవి బెల్టులు, బేరింగులు, నూనె డబ్బాలు. వాటి కాపలాకి నమ్మదగిన మనిషి దొరక్క ఆయన ఒక సంఖ్యను నమ్ముకున్నాడు: 142857. రెండుతో గుణిస్తే 285714. మూడుతో గుణిస్తే 428571. ఆరు దాకా దేనితో గుణించినా అవే అంకెలు, అదే వరుసలో గుండ్రంగా తిరిగొస్తాయి. మొదలు మాత్రం మారుతుంది. సోమవారం ఒకటితో, శనివారం ఆరుతో. రోజూ సాయంత్రం తాళాన్ని మర్నాటి సంఖ్యకు మార్చి, చక్రాలు చెదరగొట్టి వెళ్తాడు. ఏడుతో గుణిస్తే మాత్రం అన్నీ తొమ్మిదులే. అంత తేలికైనది ఏ దొంగైనా మొదటే ప్రయత్నిస్తాడు. ఏడో రోజు ఎలాగూ సెలవు కనక దాంతో ఆయనకు పని పడలేదు.

ఆ శనివారం మధ్యాహ్నం కుళాయి దగ్గర ముఖం కడుక్కున్నాడు. ఎడమ భుజం లాగుతుంటే కాసేపు మెట్లమీద కూర్చున్నాడు. తిరిగొచ్చి, మసక చూపుతో తడుముకుంటూ తాళం తీసేసరికి, కుళాయి గట్టున మరిచిపోయిన కళ్లద్దాలు లోపల బల్లమీద ఉన్నాయి.

బేరింగులు లెక్కపెట్టాడు. బెల్టులు తడిమాడు. ఏదీ పోలేదు. పోకపోవడం మరీ అనుమానంగా ఉంది.

"నేనే పెట్టా," అన్నాడు గుమ్మంలోంచి ఫిట్టరు. రోజూ ఆయనతో పోట్లాడి సామాను పట్టుకెళ్లే మనిషి. "గట్టుమీద ఉంటే పడి పగుల్తాయని."

"నంబరు నీకెవడు చెప్పాడు?"

"నువ్వే. రోజూ గొణుగుతావుగా. అవే అంకెలు, మొదలు మారుతుందంతే. తెలిసి ఏళ్లయింది."

"మరి ఒక్కనాడూ తియ్యలేదేం?"

"తీసి ఏం చేసుకోను? తిట్టుకుంటూ అయినా నువ్వే ఇస్తావుగా."

స్టోరుకీపరు నమ్మలేదు. ఫిట్టరు వెళ్లాక మళ్లీ లెక్కపెట్టాడు. అన్నీ సరిగ్గా ఉండేసరికి సిగ్గేసింది. కోపం అలవాటే కాని ఆయనకు సిగ్గు కొత్త. సాయంత్రం తాళం చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

ఆదివారం భోజనం దగ్గర భార్యతో, "స్టోరు తాళం నంబరు ఫిట్టరుకి తెలుసులే. మంచోడే," అన్నాడు.

భర్త నోట ఒకరి గురించి మంచి వినడం ఆమెకు అదే మొదలు. ఆమెకే అనుమానమొచ్చి నుదురు తాకి చూసింది.

"ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉందే. కాసేపు పడుకుంటా."

ఆ నిద్రలోంచి ఆయన లేవలేదు.

సోమవారం పొద్దున కబురు విని ఫిట్టరు స్టోరు దగ్గరికొచ్చాడు. సోమవారం సంఖ్య కోసం చెయ్యి చాచి ఆగిపోయాడు. ఈసారి చక్రాలు చెదరగొట్టి లేవు. తాళాన్ని ఊరికే లాగితే ఊడివచ్చింది. ఫిట్టరుకు ఏడుపు ఆగలేదు. కొంతసేపటికి ముఖం తుడుచుకుని, దాన్ని ఎలా ఉన్నదాన్ని అలాగే మళ్లీ తగిలించాడు. తలుపుకు వేలాడుతున్న ఆ ఇత్తడి తాళం మీద, దారినపోయే ఎవరైనా చదువుకునేలా, ఆరు తొమ్మిదులు వరసగా నిలబడి ఉన్నాయి.